నీళ్లు తగ్గిన షెనండోవాలో గైడ్‌తో స్మాల్‌మౌత్ బాస్ వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర వర్జీనియాలో యాష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు ఉండే తెలుగువాళ్లలో గాలం పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేం కాదు. జులై దాటి ఆగస్టు వచ్చిందంటే షెనండోవా నది ఎండిపోతోందట కదా, స్మాల్‌మౌత్ బాస్ అనే చేపని పట్టించడానికి పడవలో తీసుకెళ్లే గైడ్‌కి కట్టిన అడ్వాన్స్ పోయినట్టేనా అని ఫోన్లు మొదలవుతాయి. విడివిడిగా జవాబులు చెప్పేకంటే ఒకచోట రాస్తే నయమనిపించింది. నేను గైడ్‌ని కాదు, డబ్బులిచ్చి గైడ్‌తో వెళ్లేవాణ్ణి. కాబట్టి ఇందులో ఎవరి వ్యాపారానికీ ప్రచారం లేదు, ఎవరి పేరూ చెప్పను.

ఇది ఏ నది? మాకు ఎంత దూరం?

షెనండోవా నది సౌత్ ఫోర్క్. పోర్ట్ రిపబ్లిక్ దగ్గర నార్త్ రివర్, సౌత్ రివర్ కలిసి ఈ పాయ మొదలవుతుంది. ఒకవైపు బ్లూ రిడ్జ్, ఇంకోవైపు మాసనటన్ కొండ, మధ్యలో వంకర్లు తిరుగుతూ లూరే, బెంటన్‌విల్ మీదుగా ఫ్రంట్ రాయల్ దాకా వచ్చి అక్కడ నార్త్ ఫోర్క్‌తో కలుస్తుంది. అక్కణ్నుంచి ఒకే షెనండోవా అయి హార్పర్స్ ఫెర్రీ దగ్గర పోటొమాక్‌లో పడుతుంది. ఈ నది ఉత్తరానికి పారుతుందన్నది గుర్తుపెట్టుకోండి. గైడ్ 'కిందికి పోదాం' అన్నాడంటే మ్యాప్‌లో పైకి వెళ్తున్నట్టు. యాష్‌బర్న్ నుంచి ఫ్రంట్ రాయల్‌కి గంట, గంటంబావు డ్రైవ్. తెల్లారకముందే బయల్దేరతారు కాబట్టి ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు ఐ-66 సంగతి మీకు తెలిసిందే.

నీళ్లు బాగా తగ్గాయంటున్నారు. ట్రిప్ దండగేనా?

కాదు. నా మటుకు నాకు ఇదే మంచి సీజన్. మే నెలలో నది నిండుగా, బురదరంగులో ఉన్నప్పుడు చేప ఎక్కడైనా ఉండొచ్చు, మీరు వేసిన ఎర దానికి కనిపించిందో లేదో కూడా తెలియదు. ఆగస్టులో నీళ్లు తగ్గాక నది తన ఒళ్లంతా చూపిస్తుంది. ఎక్కడ బండ అడ్డంగా ఉంది, దాని వెనక ఎంత లోతు గుంట ఉంది, ఎక్కడ నీడ పడుతోంది, అన్నీ కళ్లకి కనపడతాయి. చేపలకి ఉండటానికి చోటు తగ్గుతుంది కాబట్టి మిగిలిన కాస్త చోట్లోనే గుంపుగా చేరతాయి. చిక్కేమిటంటే, మీరు వాటిని ఎంత బాగా చూడగలరో అవి మిమ్మల్ని అంతకంటే బాగా చూస్తాయి. పడవలో డబ్బా కింద పడేస్తే ఆ మడుగులో పెద్ద చేపల సంగతి ఇక మర్చిపోవచ్చు. ఎవరు నిశ్శబ్దంగా, నింపాదిగా ఉండగలరో వాళ్ల ఆట ఇది. పాటలు పెట్టుకుని బీర్లు తాగుతూ ట్యూబ్ మీద తేలాలనుకుంటే దానికీ ఈ నదే ఉంది, కానీ దానికి గైడ్ అక్కర్లేదు.

తక్కువ నీళ్లలోనే కనపడే ముచ్చట ఇంకోటి చెప్తాను. కొన్నిచోట్ల నదికి అడ్డంగా, దిగువ వైపు మొన ఉండేలా 'వి' ఆకారంలో రాళ్లు పేర్చి ఉంటాయి. అవి పాతకాలపు చేపల మాటులు. మొదట నేటివ్ అమెరికన్లు, వాళ్ల తర్వాత ఇక్కడ స్థిరపడ్డ తెల్లవాళ్లు కట్టినవి. పడవ వాటి మొన దగ్గరున్న సందులోంచే దూరుతుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వాటి మీదుగా వెళ్లిపోయినా తెలియదు.

తక్కువ అంటే ఎంత తక్కువ? ముందే ఎలా తెలుసుకోవాలి?

అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ నది పొడవునా నీళ్లు కొలిచే గేజ్‌లు పెట్టింది. సౌత్ ఫోర్క్‌కి లూరే దగ్గరా ఫ్రంట్ రాయల్ దగ్గరా ఉన్నాయి, ఎప్పటికప్పుడు రీడింగ్ నెట్‌లో చూడొచ్చు. అందులో సీఎఫ్ఎస్ అని ఉండేది మన క్యూసెక్కే, సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే దాదాపు 28 లీటర్లు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వెళ్లడం టీవీలో చూసిన మనకి ఇక్కడ వేసవి చివర్లో మూడొందలు, నాలుగొందల క్యూసెక్కులు కనపడితే ఇదేం నది అని నవ్వొస్తుంది. కానీ గాలం వేయడానికి ఆ నీళ్లు చాలు. 2023, 2024 సంవత్సరాల్లో ఈ లోయలో కరువొచ్చి ఇంకా తగ్గింది. అలాంటప్పుడు మధ్యమధ్యలో దిగి పడవ లాగాల్సి వస్తుంది, అంతే.

ఒక్క అంకె చూసి నిర్ణయానికి రాకండి. వారం రోజుల గ్రాఫ్ చూడండి. గీత నిలకడగా ఉంటే మంచిది. నిట్టనిలువుగా లేచిందంటే ఎగువన గట్టి వాన పడిందన్నమాట, ఒకట్రెండు రోజులు బురద నీళ్లే.

స్మాల్‌మౌత్ బాస్ అంటే మన చేపల్లో దేనికి దగ్గర?

దేనికీ కాదు. కొర్రమీను, రాగండి, బొచ్చె, ఏ కుటుంబంలోనూ చేరదు. సహజంగా ఉత్తర అమెరికాలోనే ఉండే సన్‌ఫిష్ కుటుంబం దీనిది. కంచురంగు ఒళ్లు, పక్కల నిలువు చారలు, ఎర్రగా కనపడే కళ్లు. దీని అన్నగారు లార్జ్‌మౌత్‌కి నోరు కంటి వెనక దాకా చీలి ఉంటుంది, దీనికి అంత ఉండదు. అన్నగారు చెరువుల్లో పాచి కింద కూర్చుంటాడు, దీనికి మాత్రం రాళ్లూ పారే నీళ్లూ కావాలి. గాలానికి తగిలాక ఇది గాల్లోకి ఎగిరి తల విదిలించే తీరుకే జనం ఇంత దూరం వస్తారు.

ఇంకో సంగతి, ఇది ఈ నదికి వలస వచ్చిన చేప, మనలాగే. దీని సొంతూరు గ్రేట్ లేక్స్, ఒహాయో, మిసిసిప్పీ ఎగువ ప్రాంతాలు. 1854లో ఓ ముప్పై చేపల్ని ఒహాయో నది వైపు నుంచి రైలింజన్‌కి వెనక ఉండే నీళ్ల ట్యాంకులో పెట్టి కొండలు దాటించి, మేరీలాండ్‌లోని కంబర్‌లాండ్ దగ్గర కాలువలో వదిలారు. పోటొమాక్ పరీవాహకంలో స్మాల్‌మౌత్ కథ అలా మొదలైంది.

అన్నట్టు, గాలానికి ఇదొక్కటే తగలదు. రొమ్ము నారింజరంగులో ఉండే రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్ వస్తుంది, వెండిరంగు ఫాల్‌ఫిష్ వస్తుంది, అప్పుడప్పుడూ క్యాట్‌ఫిష్. చాలా అరుదుగా మస్కీ అనే పెద్ద వేటచేప వస్తుంది కానీ దాని పళ్లకి మీ లైన్ తెగిపోతుంది.

ఏ నెల, ఏ టైమ్ మంచిది?

నీళ్లు తగ్గేది జులై నుంచి అక్టోబర్ దాకా. జులైలో తూనీగలు నీళ్లమీద వాలుతుంటే చేపలు వాటికోసం నీళ్లలోంచి బయటికి ఎగురుతాయి, చూడ్డానికే బాగుంటుంది. జులై చివర, ఆగస్టుల్లో సాయంత్రం చీకటి పడే వేళ వైట్ మిల్లర్ అనే తెల్ల పురుగులు లేస్తాయి, నది మీద మంచు కురుస్తున్నట్టే ఉంటుంది, ఆ అరగంట నీళ్లు ఉడికినట్టు చేపలు లేస్తాయి. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో నీళ్లు చల్లబడుతుంటే చలికాలానికి ఒళ్లు పెంచుకోవాలని పగలంతా తింటాయి. నన్నడిగితే సెప్టెంబర్ రెండో సగం.

ఎండాకాలంలో మాత్రం తెల్లవారుజాము లేదా సాయంత్రం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో కూర్చుని గాలం వేయడం చేపలకీ మీకూ శిక్షే. మంచి గైడ్‌లు ఆగస్టులో ఫుల్ డే అమ్మరు, పొద్దున్నే మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించడమో, సాయంత్రం నాలుగున్నరకి దిగడమో చేస్తారు. ఆగస్టు మిట్టమధ్యాహ్నం ట్రిప్ కూడా ఎగేసుకుని ఒప్పుకున్నాడంటే ఆ గైడ్ గురించి ఇంకోసారి ఆలోచించండి.

మాకు మేమే వెళ్లలేమా? గైడ్ ఎందుకు?

వెళ్లొచ్చు. స్టేట్ పార్కు ఉంది, పబ్లిక్ రేవులు ఉన్నాయి, కాయక్‌లు అద్దెకిస్తారు. కానీ ఒడ్డు చాలావరకు ప్రైవేటు భూమి, ఎక్కడపడితే అక్కడ దిగడం కుదరదు. షెనండోవా టౌన్, న్యూపోర్ట్, లూరేల దగ్గర చిన్న విద్యుత్ డ్యామ్‌లు ఉన్నాయి, అవి ఎక్కడున్నాయో తెలియకుండా పడవేసుకుని వెళ్లడం ప్రమాదం. కారు ఒక రేవులో, తేలేది ఇంకో రేవుకి, మధ్యలో షటిల్ ఏర్పాటు మీరే చూసుకోవాలి. తక్కువ నీళ్లలో ఏ పాయలో నీళ్లున్నాయో, ఎక్కడ దిగి లాగాలో తెలియకపోతే నాలుగు మైళ్ల ప్రయాణంలో సగం నడకే అవుతుంది. గైడ్‌కి ఇదంతా చేతిగీతల్లా తెలుసు. మొదటిసారి గైడ్‌తో వెళ్లి నదిని చూసి, తర్వాత మీ కాయక్ మీరు తీసుకెళ్లండి. ఇందులో గైడ్ ఏమీ అనుకోడు.

ఖర్చెంత?

ఇద్దరికి కలిపి ఒక రోజుకి నాలుగొందల నుంచి ఆరొందల డాలర్ల మధ్య ఉంటుంది, హాఫ్ డే అయితే తగ్గుతుంది. ధర పడవకి, మనిషికి కాదు. అందుకే ఒక్కళ్లే వెళ్తే నష్టం. ముగ్గురు ఎక్కుతామంటే తక్కువ నీళ్లలో గైడ్ ఒప్పుకోడు, బరువు పెరిగితే పడవ రాళ్లమీద కూర్చుంటుంది. రాడ్‌లు, ఎరలు, లైఫ్ జాకెట్లు అతనివే. టిప్ వేరే, పదిహేను ఇరవై శాతం. చేపలు పడలేదని టిప్ తగ్గించకండి. ఆ రోజు అతను నడుంలోతు నీళ్లలో దిగి మీ పడవని ఎన్నిచోట్ల లాగాడో చూసి ఇవ్వండి.

బుక్ చేసేముందు గైడ్‌ని ఏమడగాలి?

నాలుగు విషయాలు అడగండి, ఫోన్‌లోనే, మొహమాటపడకుండా.

తక్కువ నీళ్లలో ఏ పడవ వాడతావు? రాఫ్ట్ అనో, తేలికపాటి డ్రిఫ్ట్ బోట్ అనో, కనూ అనో చెప్పాలి. పెద్ద జెట్ బోట్ అంటే ఈ నీళ్లకి పనికిరాదు, లోతైన మడుగులో పైకీ కిందికీ తిప్పి తీసుకొచ్చేస్తాడు.

నీటి వేడి ఎంత దాటితే ట్రిప్ ఆపేస్తావు? దీనికి జవాబు అతని దగ్గర సిద్ధంగా ఉండాలి. స్మాల్‌మౌత్ వేడిని కాస్త తట్టుకుంటుంది కానీ నీళ్లు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయంటే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అలసిపోయిన చేప తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. 'అబ్బే, అదేం పర్లేదు' అనేవాడికంటే 'పొద్దున ఎనిమిదిన్నరకి ఆపేద్దాం' అనేవాడు నయం.

ఏ రేవు నుంచి ఏ రేవుకి, ఎన్ని మైళ్లు? తక్కువ నీళ్లలో నెమ్మదిగా వెళ్లాలి కాబట్టి నాలుగైదు మైళ్లు చాలు. పది మైళ్లు అన్నాడంటే సాయంత్రం అంతా తెడ్డేయడమే.

నాలుగోది క్యాన్సిలేషన్, దాని సంగతి చివర్లో చెప్తాను.

నాకు గాలం పట్టుకోవడం కూడా రాదు. పర్లేదా?

పర్లేదు, గైడ్‌కి అలాంటివాళ్లే ఎక్కువ. చిన్నప్పుడు కాలవగట్టు మీద వెదురుకర్ర, బెండు, వానపాముతో కూర్చున్నవాళ్లకి ఒక అలవాటు మాత్రం మానిపించాల్సి వస్తుంది. అక్కడ ఎర వేసి కదలకుండా కూర్చోవాలి, ఇక్కడ వేస్తూ, లాగుతూ, మళ్లీ వేస్తూ ఉండాలి. ఆరున్నర ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్, ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల లైన్ ఇస్తారు. పావుగంటలో వేయడం వచ్చేస్తుంది. ఈకలతో చేసిన తేలిక ఎరని దారం బరువుతోనే విసిరే ఫ్లై రాడ్ అంటే ఇంకాస్త కష్టం. మొదటిసారే అది కావాలని పట్టుబట్టకండి, రోజంతా చెట్టుకొమ్మల్లోంచి దారం విప్పుకోవడంతో సరిపోతుంది.

తక్కువ నీళ్లలో ఎలా వేయాలి? ఏ ఎర?

అసలు సంగతి ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

మొదట దూరం. నిండు నదిలో ఇరవై అడుగుల దూరంలో చేప పడుతుంది, ఇక్కడ అరవై డెబ్భై అడుగులు విసరాల్సిందే. అందుకే సన్న లైన్, తేలిక ఎర. సూర్యుడు మీ వెనక ఉంటే మీ నీడ మీకంటే ముందు వెళ్లి చేపని తరిమేస్తుంది, నిలబడి వేసేముందు ఒకసారి నీడ ఎటుందో చూసుకోండి. చేప తల ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా, అంటే ఎగువకి ఉంటుంది. కాబట్టి దిగి నడిచేటప్పుడు దిగువ నుంచి ఎగువకి వెళ్తే మీరు దాని వెనకనుంచి వస్తున్నట్టు. కాళ్లు ఎత్తెత్తి వేయకుండా జరుపుకుంటూ నడవండి, రాయి మీద రాయి కదిలిన చప్పుడు నీళ్లలో చాలాదూరం పోతుంది.

ఎక్కడ వేయాలి అంటే, తెల్లవారుజామున రాళ్లమీద గలగలా పారే పల్చటి నీళ్లలో, మడుగు చివర మోకాలిలోతులో కూడా పెద్ద చేపలు ఉంటాయి. కొత్తవాళ్లు ఆ నీళ్లని చూసి ఇక్కడేముంటుందని పడవ దాటించేస్తారు. ఎండెక్కిన కొద్దీ అడ్డబండల వెనక గుంటల్లోకి, చెట్టునీడలోకి, నాచుదుబ్బుల అంచులకి జారుకుంటాయి. నురగతో నీళ్లు దూకేచోట ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ఒకటో రెండో ఉంటాయి.

ఎర విషయానికొస్తే, ఇక్కడి స్మాల్‌మౌత్‌కి ప్రాణం క్రాఫిష్, మన రొయ్యకీ పీతకీ మధ్యరకంగా ఉండే మంచినీటి జీవి, రాళ్లకింద దాక్కుంటుంది. గోధుమరంగు, పాచిరంగుల్లో ట్యూబ్ అనే బోలు రబ్బరు ఎరని గానీ, చిన్న సీసం తలకి కురచ రబ్బరు పురుగు గుచ్చిన నెడ్ రిగ్‌ని గానీ అడుగున తట్టుకుంటూ నెమ్మదిగా లాగితే అది క్రాఫిష్ అనుకుంటుంది. సీసం బరువు వీలైనంత తక్కువ, ఔన్సులో పదహారో వంతు అయినా చాలు. మెరిసే రంగులు, గలగలలాడే పెద్ద ఎరలు ఈ తేటనీళ్లలో పనికిరావు.

పొద్దున, సాయంత్రం అయితే నీళ్లమీద తేలుతూ చప్పుడు చేసే ఎర, పాపర్. దీన్ని వాడేటప్పుడు అందరూ చేసే పొరపాటు, పడగానే లాగడం. పాపర్ పడ్డచోట లేచిన అలలు పూర్తిగా ఆరిపోయేదాకా ముట్టుకోకండి. చేప కిందే ఉండి చూస్తూ ఉంటుంది. ఆరాక ఒక్కసారి చిన్నగా కదపండి. నీళ్లు పగిలి చప్పుడు వచ్చాక కూడా వెంటనే రాడ్ గుంజకండి, చేతికి బరువు తెలిశాకే. ఈ ఒక్కటి పాటిస్తే మిగతా తప్పులు గైడ్ సర్దుకుంటాడు.

నీటి మీది మెరుపు తగ్గించి లోపల కనపడేలా చేసే పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. ఫోన్ కంటే ముందు అవి సర్దుకోండి.

ఎన్ని చేపలు పడతాయి? ఎంత పెద్దవి?

అంకె చెప్పి మాటిచ్చే గైడ్‌ని నమ్మొద్దు. మామూలుగా పడేవి తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాలవి. పద్నాలుగు పదిహేను అంగుళాలది పడితే మంచి చేప. ఇరవై అంగుళాలు గానీ ఐదు పౌండ్లు గానీ ఉంటే వర్జీనియా రాష్ట్రం ట్రోఫీ సర్టిఫికెట్ ఇస్తుంది, అంత పెద్దది పదేళ్లు పైబడిన ముసలిచేప అయి ఉండొచ్చు. నదిలో ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. అన్నిటికంటే పెద్దది 1955లో టెనెసీ, కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో లేక్‌లో పడింది, 11 పౌండ్ల 15 ఔన్సులు. అది రిజర్వాయర్ చేప, మన నదిలో అలాంటిది కల.

తినొచ్చా? పులుసుకి బాగుంటుందా?

చాలామంది అసలు ప్రశ్న ఇదేనని నాకు తెలుసు. మాంసం తెల్లగా బాగానే ఉంటుందంటారు. కానీ ఈ నది చేప వద్దు.

కారణం పాదరసం. ఎగువన వేన్స్‌బరో ఊళ్లో డ్యూపాంట్ ఫ్యాక్టరీ 1929 నుంచి 1950 దాకా పాదరసం వాడింది. అది సౌత్ రివర్‌లోకి చేరి, ఒడ్డు మట్టిలో ఇంకిపోయి, ఇప్పటికీ కొద్దికొద్దిగా నీళ్లలోకి వస్తూనే ఉంది. పురుగుల్లోంచి చిన్న చేపల్లోకి, చిన్న చేపల్లోంచి పెద్ద చేపల్లోకి ఎక్కుతుంది. స్మాల్‌మౌత్ వేటాడి తినే చేప కాబట్టి దాని ఒంట్లో ఎక్కువ. వండితే పోదు, ఉప్పూ పసుపూ వేసి ఎంత కడిగినా పోదు. సౌత్ ఫోర్క్ చేపల్ని నెలకి రెండుసార్లకి మించి తినొద్దని రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలైతే అసలు తినకూడదు. ఫ్రంట్ రాయల్ దిగువన పీసీబీలనే మరో విషం సంగతి కూడా ఉంది. ఇంతా తెలిసి నెలకి రెండుసార్లు తినొచ్చు కదా అని లెక్కేసుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లిష్టం. కొరియన్ స్టోర్‌లో బతికున్న చేప దొరుకుతుంది, పులుసుకి అది తెచ్చుకోండి.

మరి ఈ నీళ్లలో దిగొచ్చా?

దిగొచ్చు, పాదరసం సమస్య తిండిలో. నది పూర్తి ఆరోగ్యంగా ఉందని మాత్రం అనను. 2004, 2005 వసంతాల్లో షెనండోవాలో చేపలు పెద్దఎత్తున చచ్చిపోయాయి, ఒక్క కారణం ఇదీ అని తేలలేదు. పోటొమాక్ పరీవాహకంలో మగ స్మాల్‌మౌత్‌ల కడుపులో గుడ్లు పుట్టడం శాస్త్రవేత్తలు చూశారు. ఈ లోయంతా కోళ్లఫారాలు, పశువులు, వాటి ఎరువు వానకి నదిలోకి వస్తుంది. నీళ్లు తగ్గి వేడెక్కితే నాచు విపరీతంగా పెరుగుతుంది. 2021లో నార్త్ ఫోర్క్‌లో విషపు నాచు వచ్చి మైళ్లకొద్దీ నదిలో దిగొద్దని హెచ్చరిక పెట్టారు. వెళ్లేముందు ఆరోగ్యశాఖ నాచు మ్యాప్ ఒకసారి చూసుకోండి. దిగినప్పుడు నీళ్లు మింగకండి, కాలికి తెగిన గాయం ఉంటే దిగకండి.

తినకుండా వదిలేయడానికి అంత డబ్బా? చేపకి హింస కాదా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు తప్పకుండా అడిగే ప్రశ్న. మొదటిదానికి నా జవాబు, గోల్ఫ్ ఆడేవాడు బంతి ఇంటికి తెచ్చుకుని వండుకుంటాడా. రెండోదానికి అంత తేలిగ్గా జవాబు లేదు. గాలం గుచ్చుకుంటే చేపకి ఏమీ కాదని నేను చెప్పను. తగ్గించగలిగేది తగ్గించడమే. గాలం ముల్లుకి ఉండే కొక్కిని శ్రావణంతో నొక్కేయమని గైడ్‌ని అడగండి. చేపని సాగదీయకుండా తొందరగా లాగేయండి. తడిచేత్తోనే పట్టుకోండి, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పోతుంది. కింది పెదవి వేళ్లతో పట్టుకుని, రెండో చెయ్యి పొట్టకింద పెట్టి, ఫొటో కావాలంటే ముందే ఫోన్ సిద్ధం చేసుకుని ఒక్కటి తీసుకుని వదిలేయండి. వీడియో కాల్‌లో నెల్లూరు పెద్దమ్మకి చూపించేదాకా చేపని గాల్లో పట్టుకుని నిలబడటం నా కళ్లతో చూశాను. అది వద్దు.

శనివారం నీచు ముట్టనివాళ్లు చేపలు పట్టొచ్చా అని కూడా అడిగారు. అది మీ అత్తగారితో తేల్చుకోండి.

లైసెన్స్ సంగతి?

పదహారేళ్లు దాటిన ప్రతివాళ్లకీ వర్జీనియా మంచినీటి లైసెన్స్ ఉండాలి. గైడ్‌కి ఉన్నది మీకు చెల్లదు. గో అవుట్‌డోర్స్ వర్జీనియా సైట్‌లో ఐదు నిమిషాల పని. విజిట్ మీద వచ్చిన అమ్మానాన్నలకి నాన్-రెసిడెంట్ లైసెన్స్ తీసుకోండి, ఒక్కరోజుకి కూడా ఇస్తారు. మేరీలాండ్ నుంచి వచ్చే మిత్రులారా, మీ లైసెన్స్ షెనండోవాలో పనికిరాదు.

నాకు ఈత రాదు. రావొచ్చా?

రావొచ్చు, లైఫ్ జాకెట్ తియ్యనని మీకు మీరు గట్టిగా చెప్పుకుంటే. నీళ్లు తక్కువే కదా అని తీసేసేవాళ్లే ఎక్కువ. మోకాలిలోతు నీళ్ల పక్కనే ఎనిమిదడుగుల గుంట ఉంటుంది. పారే నీళ్లలో పడితే లేచి నిలబడే ప్రయత్నం చేయకండి, పాదం రాళ్లసందులో ఇరుక్కుంటే నీళ్ల తోపుకి మనిషి మునిగిపోతాడు. వెల్లకిలా తేలి, కాళ్లు దిగువకి పెట్టి, నీళ్లు నెమ్మదించేదాకా ఆగండి. బెంటన్‌విల్ దిగువన, నీళ్లు రాళ్లమధ్య వడిగా దూకే కాంప్టన్ ర్యాపిడ్ ఒక్కటే కాస్త గుండె ఝల్లుమనిపిస్తుంది, అక్కడ భయమేస్తే గైడ్‌కి ముందే చెప్పండి.

పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకురావొచ్చా?

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, హాఫ్ డే అయితే సరే. వాళ్లకి బాస్ మీద పట్టింపు ఉండదు, సన్‌ఫిష్‌లు వరసగా పడుతుంటే అదే పండగ. మోకాళ్లనొప్పులున్న పెద్దవాళ్లకి తక్కువ నీళ్ల ట్రిప్ వద్దు, నాచు పట్టిన రాళ్లమీద దిగి నడవాల్సి వస్తుంది. వాళ్లని వసంతంలో తీసుకెళ్లండి.

ఏం వేసుకోవాలి? తిండి?

తొందరగా ఆరే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, టోపీ. తెల్లచొక్కా వద్దు, చేపకి దూరం నుంచే కనపడుతుంది. కాలికి మడమ పట్టీ ఉన్న చెప్పులైనా, పాత షూస్ అయినా. హవాయి చెప్పులు మొదటి పది నిమిషాల్లో నదిపాలు. లంచ్ గైడ్ ఇస్తే అది టర్కీ శాండ్‌విచే, వెజిటేరియన్ అయితే బుక్ చేసేటప్పుడే చెప్పండి. మేం పులిహోర తీసుకెళ్తాం, గైడ్ కూడా లొట్టలేసుకుని తిన్నాడు. పెరుగన్నం ఎండలో పులుస్తుంది, ఐస్‌బాక్స్‌లో పెట్టాల్సిందే.

టాయిలెట్ రేవు దగ్గర ఉంటే ఉన్నట్టు, మధ్యలో ఉండదు.

పాములు?

ఉంటాయి. బండల మీద ఎండకాచుకునేవి ఎక్కువగా నీటిపాములు, విషం లేదు. కాపర్‌హెడ్ అనే విషపాము ఒడ్డున ఆకుల్లో ఉంటుంది, చెయ్యి పెట్టేముందు చూడండి. వీటికంటే నాకు భయం టిక్‌లంటే, అంటే రక్తం పీల్చే పిడుదులంటే. గడ్డిలో నడిచాక ఇంటికొచ్చి ఒళ్లంతా చూసుకోండి, లైమ్ జబ్బు వాటివల్లే. మూడాకుల తీగ కనపడితే ముట్టుకోవద్దు, పాయిజన్ ఐవీ.

వానొస్తే? క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగిస్తారా?

చినుకులకి ఆపరు, నిజానికి మబ్బుపట్టి సన్నగా తుంపర పడే రోజు తక్కువ నీళ్లలో అదృష్టం, చేపకి భయం తగ్గుతుంది. ఉరుము వినపడితే మాత్రం వెంటనే ఒడ్డుకి. మీ చేతిలో ఉన్నది గ్రాఫైట్ రాడ్, కరెంటు దాన్లోంచి బాగా పారుతుంది.

గైడ్ ఆపితే, అంటే వరదొచ్చినా, నీళ్లు మరీ వేడెక్కినా, పడవ కదలనంత తగ్గినా, అడ్వాన్స్ తిరిగివ్వడమో వేరే తేదీ ఇవ్వడమో మర్యాద. మీరు ఆపితే వారం పదిరోజుల ముందు చెప్పకపోతే పోయినట్టే. ఈ రెండూ మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్‌లో మాట చాలదు. ముందురోజు సాయంత్రం గేజ్ చూసి, గైడ్‌కి ఒక టెక్స్ట్ పెట్టండి, ఏ రేవు దగ్గరికి రావాలో అప్పుడే మళ్లీ ఖాయం చేసుకోండి. నీళ్లు తగ్గేకొద్దీ రేవు మారుతుంది, కొండల మధ్య చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ రాదు.